తెల్ల దుప్పటి మీద తెల్ల చేప

ముందుగా ఒక మాట. యాభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు జారిపోయి ఉంటాయి, దీర్ఘాలు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు. ఈ నాలుగు కాగితాలు నింపడానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. చదివేవాళ్ళు తప్పులు దిద్దుకుని, నా నత్తనడకను మన్నించి చదువుకోవాలి.

ఒక పెద్ద ఆసుపత్రికి సొంత లాండ్రీ ఉండేది. భవనం అడుగున, ఉతికే యంత్రాల హాలుకీ ఇస్త్రీ హాలుకీ మధ్య ఇరుక్కుని ఒక గది. దాన్ని రఫూ గది అనేవారు. చిరిగిన పక్కదుప్పట్లన్నీ అక్కడికి వచ్చేవి. నలుగురు ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, చిరుగు మీద తెల్లదారంతో నిలువు పోగులు పోసి, అడ్డపోగులు ఒకటి పైకీ ఒకటి కిందికీ అల్లి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా పూడ్చేవారు. ఐదో ఆమె వాళ్ళు చేసింది సరిగ్గా ఉందో లేదో చూసేది.

చూసేది అంటే కళ్ళతో కాదు. దుప్పటిని ఒళ్ళో పరుచుకుని, కళ్ళు మూసుకుని, నాలుగు వేళ్ళతో రఫూని తడిమేది. మంచం పట్టిన మనిషి వీపు కింద ఆవగింజంత ముడి ఉన్నా రెండు రోజుల్లో పుండు పడుతుంది. ఆ ముడి కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె వేళ్ళని ఒక్క ముడి కూడా దాటిపోలేదు. ఎదురుగా అందరూ ఆమెని పెద్దక్కా అని పిలిచేవారు. వెనకాల భూతద్దం అనేవారు. అలా అంటారని ఆమెకి తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు.

పనికి తగిన గుణమో, గుణానికి తగిన పనో గానీ ఆమెకి లోకం మీద అనుమానం. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకునేది. నవ్వకపోతే ఎక్కువ కలిపాడనుకునేది. "ఊరికే ఎవరూ ఏమీ చెయ్యరు" అనేది ఆమె మాట.

అలాంటి ఆమె వేళ్ళకి ఒకరోజు చేప తగిలింది.

మొదట ముడి అనుకుంది. కాదు. రఫూ మెత్తగానే ఉంది, కానీ దాని అంచు గుండ్రంగానో చదరంగానో లేకుండా ఒకచోట సన్నబడి మళ్ళీ రెండుగా చీలింది. కళ్ళు తెరిచి చూస్తే తెల్లబట్ట మీద తెల్లదారం, ఏమీ లేదు. మళ్ళీ మూసి తడిమింది. పొట్ట, తోక. చేప.

ఆ రోజు ఎవరితోనూ అనలేదు. ఐదు వారాల్లో పడవ వచ్చింది, గొడుగు వచ్చింది, కాకిలాంటిదేదో వచ్చింది. మొత్తం ఆరు. ఒక్కోదాన్నీ తన కుర్చీ వెనక బీరువాలో దాచింది. సరిగ్గా అప్పుడే లాండ్రీ మేనేజరు కిందికి దిగొచ్చి పద్నాలుగు దుప్పట్లు కనబడటం లేదని కేకలేశాడు. భూతద్దానికి రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బొమ్మ ఉన్న దుప్పటి అంటే గుర్తు. లోపల ఎవరో గుర్తు పెడుతున్నారు, బయట ఎవరో ఆ గుర్తు చూసి ఎత్తుకుపోతున్నారు.

సోమవారం పొద్దున ఆరు దుప్పట్లూ చంకన పెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"కుట్టు చూసి చెయ్యి ఎవరిదో చెప్పగలవా?" అన్నాడాయన.

"అది చెప్పలేకపోతే ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ఏం చేస్తున్నట్టు సార్? కుడిచేతి వాళ్ళ పోగు కొనలు కుడికి వాలతాయి. ఇవి ఎడమకి వాలాయి."

"మీ గదిలో ఎడంచేతి వాళ్ళు ఎందరు?"

"శుక్రవారం దాకా ఆగండి సార్. చేత్తో పట్టి ఇస్తాను."

"శుక్రవారం. పేరు చెప్పు, ఆ రోజే బయటికి పంపేస్తా."

ఎడంచేతి మనిషి ఆ గదిలో ఒక్కతే. ఆమె తోటికోడలు. మరిది పోయి మూడేళ్ళు. ఇద్దరాడపిల్లలతో తోటికోడలు గుమ్మంలో నిలబడితే, చెయ్యి పట్టుకుని ఈ గదికి తీసుకొచ్చి, సూదిలో దారం ఎక్కించడం నుంచి నేర్పింది భూతద్దమే. ఈ ఉద్యోగం పోతే ఆమెకి ఇంకోటి లేదు. రెండిళ్ళకీ ఒకటే గోడ. అవతల గిన్నె పడితే ఇవతల తెలుస్తుంది. ఈ మధ్య గోడ అవతల నవ్వులు ఎక్కువయ్యాయని, కొత్త చెప్పులు కూడా వచ్చాయని భూతద్దం కనిపెట్టే ఉంది.

ఆ సాయంత్రం మొగుణ్ణి అడిగింది. "మీ మరదలికి తెల్లబట్టతో ఏం పనుంటుంది?"

ఆయన పేపరు దించలేదు. "నన్ను కూడా ఒకసారి తడిమి చూడు. ఎక్కడైనా ముడి ఉందేమో."

"ఉంటే ఎప్పుడో విప్పేదాన్ని."

మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసింది. ఆమె ఆలోచన ఇది: తనే ఒక చేపని కుట్టి, ఆ దుప్పటిని తోటికోడలి కట్టలో పెడుతుంది. తను పెట్టని గుర్తు తన కట్టలో కనబడితే దొంగ ఉలిక్కిపడుతుంది. మొహం చూస్తే చాలు.

చిరుగున్న దుప్పటి ఒకటి తీసి కూర్చుంది. ఎంత గట్టి రఫూ అయినా కళ్ళు మూసుకుని చేసే మనిషికి చేప లొంగలేదు. మొదటిది వంకాయలా వచ్చింది. విప్పింది. రెండోది చెప్పు అడుగులా వచ్చింది. "దొంగముండ ఇంత చక్కగా ఎలా కుట్టిందో" అని పళ్ళు నూరింది. మూడోసారి పొట్ట కుదిరింది. తోక దగ్గర పోగులు రెండుగా చీల్చి, కాస్త వంపు తిప్పేసరికి చేప కదిలినట్టయింది. అక్కడితో ఆపాలి. పని అయిపోయింది. కానీ ఆమె ఆపలేదు. కన్ను పెట్టింది. కన్ను చిన్నదైపోయిందని విప్పి మళ్ళీ పెట్టింది. రెక్క ఒకటి వేసింది.

చిన్నప్పుడు ఎండకి కాలిన బండ మీద తడివేలితో బొమ్మలు గీసేది. గీయడం అయ్యేలోపే మొదట్లో గీసింది ఆరిపోయేది. అందుకే ఆ ఆటంటే ఆమెకి ఇష్టం. ఎవరొచ్చి చూసినా బండ మీద ఏమీ ఉండదు, తిట్టడానికి వీలుండదు. ఆ సంగతి నలభై ఏళ్ళలో ఒక్కసారైనా గుర్తు రాలేదు. ఇప్పుడెందుకు వచ్చిందా అని ఆమెకి అనుమానం వేసింది. తల ఎత్తి గడియారం చూస్తే భోజనం వేళ దాటిపోయింది. డబ్బా మూత కూడా తీయలేదు. తన మీద తనకే కోపం వచ్చింది. దొంగని పట్టడానికి కూర్చున్నదానికి ఆకలి మరిచిపోయేంత పని ఏముంది ఇందులో?

దుప్పటి తోటికోడలి కట్టలో చేరింది. తోటికోడలు వచ్చి, దాన్ని విప్పి, అవతల మూలనున్న ఇంకో చిరుగు పూడ్చి, మడతపెట్టి అవతల పడేసింది. ఉలికిపాటు లేదు, చెమట లేదు. పైగా కూనిరాగం.

"ఏంటే అంత హుషారు?" అంది భూతద్దం.

"ఏడవమంటావా అక్కా? చెప్పు, ఏడుస్తా. ఏ సమయానికి కావాలి?"

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నటన అనుకుంది భూతద్దం. గుండె రాయి చేసుకున్న దొంగ అనుకుంది.

బుధవారం ఆ దుప్పటి వార్డుకి పోయి, గురువారం ఉతుకూ ఇస్త్రీ అయి, ఒక అంచు పోగు ఊడి మళ్ళీ రఫూ గదికి వచ్చింది. మడతలో గుర్తుపట్టి లాక్కుంది భూతద్దం. కళ్ళు మూసి తన చేప కోసం వెతికింది. చేప ఉంది. చేప కింద ఇంకేదో ఉంది. మూడు వరసలు, లేచీ పడీ, లేచీ పడీ.

అలలు. ఎవరో ఆమె చేపని నీళ్ళలో వదిలారు.

పైగా అక్కడ చిరుగే లేదు! చిరుగు లేని చోట సూది దింపడం ఆ గదిలో పాపం కింద లెక్క. కళ్ళు తెరిచి కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. తన చేప పోగులు కుడికి వాలాయి. అలలవి ఎడమకి. అంటే అదే చెయ్యి. చీకాకుగా దుప్పటి బల్ల మీదికి విసిరింది. అది తిరగబడి పడింది.

తిరగబడ్డ దుప్పటి మీద ఆమె చేప ఎడమకి వాలి ఉంది. అలలు కుడికి.

అటు తిప్పింది, ఇటు తిప్పింది. బీరువా తీసి పడవని, గొడుగుని తిరగేసింది. అన్నీ కుడిచేతి కుట్లే. కానీ దుప్పటికి కిందివైపు నుంచి కుట్టినవి. రఫూ పైవైపు నుంచే చెయ్యాలని ఆ గదిలో అందరికీ నేర్పింది తనే. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క రఫూనైనా తిరగేసి చూడాలని ఆమెకి తోచలేదు. కిందివైపు నుంచి కుట్టినవాళ్ళు తన దగ్గర నేర్చుకున్నవాళ్ళు కారు. ఈ భవనంలో దుప్పటి ఎవరి చేతికి కిందివైపు పైకై అందుతుంది?

ఇస్త్రీ రోలరు అవతల నిలబడి అందుకునే మనిషికి.

అతన్ని అందరూ ఆవిరి బాబాయి అంటారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆవిరిలో ఉండి మొహం ఎర్రగా ఉబ్బి ఉంటుంది. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతాడు. అసలు అలా నోరు మూసుకుని ఉండేవాళ్ళ మీద భూతద్దానికి మొదటినుంచీ సదభిప్రాయం లేదు.

నేరుగా ఇస్త్రీ హాలుకి వెళ్ళింది. "బాబాయ్, నువ్వు సూది పట్టగలవా?"

"పట్టకేం? మీ పిన్ని పోయాక నా గుండీలు ఎవరు కుట్టారనుకున్నావు?"

"చేపలు కూడా కుట్టగలవా?"

అతను మీట దించాడు. రోలరు బుస్సుమని ఆగింది. "ఎన్నాళ్ళకి వచ్చావమ్మా!" అన్నాడు. "ఐదు వారాలు! రోలరు దగ్గర నీ చేప నా చేతికి తగిలేదాకా నీకసలు తెలియలేదేమో, వేళ్ళు మొద్దుబారాయేమో అనుకున్నా."

"నా వేళ్ళ సంగతి తర్వాత. ఎవరి కోసం పెట్టావు ఆ గుర్తులు? ఎవరు పట్టుకుపోతున్నారు?"

"ఎవరి కోసమేంటి? నీ కోసమే."

"నా కోసమా?"

"తెల్లదాని మీద తెల్లది. కళ్ళున్నవాడికి ఎవడికీ కనబడదు. ఈ భవనంలో కళ్ళు మూసుకుని దుప్పట్లు తడిమేదానివి నువ్వొక్కతివే. ఇంకెవరి కోసం కుడతాను?" అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చిన్నప్పుడు మా అక్కా నేనూ ఒకరి వీపు మీద ఒకరం వేలితో బొమ్మ గీసుకుని ఏంటో చెప్పుకోమనేవాళ్ళం. నేను ఎప్పుడూ ఓడిపోయేవాణ్ణి. ఒకరోజు రోలరు లోంచి చిరిగిన దుప్పటి వచ్చింది. చిరుగు చూస్తే చేపలా ఉంది. సరే చేపనే చేద్దామనిపించింది. చేసి, మీ తలుపు దగ్గర పూర్తయిన కట్టలో పెట్టా. నువ్వు నవ్వుతావనుకున్నా. నువ్వెళ్ళి మేనేజరుకి చెప్పొచ్చావు."

"మరి చెప్పనా? పద్నాలుగు దుప్పట్లు పోతే?"

"వాటి సంగతి నాకేం తెలుసు?"

ఆమె కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఈ మాటలో ముడి ఎక్కడుందా అని వెతికింది. దొరకలేదు. దొరక్కపోవడమే అనుమానంగా అనిపించింది.

"ఆ కాకి..." అంది చివరికి.

"కాకి కాదు, టీ కెటిలు."

"కెటిలుకి ముక్కు అంత వంకరా?"

"అదిగో, చూసే కుట్టా." కిటికీలో సొట్టలు పడ్డ కెటిలు ఉంది. నిజంగానే ముక్కు వంకర.

ఆమెకి నవ్వు వచ్చింది. ఆపుకుంది. "అలలు మాత్రం బాగోలేదు. రెండో వరస తన్నుకొచ్చింది" అని గిరుక్కున తిరిగింది.

"రేపు నా పేరు చెప్పెయ్యమ్మా" అన్నాడు వెనక నుంచి. "ఇంకో ఏడు నెలల్లో ఎలాగూ వెళ్ళిపోయేవాణ్ణే."

సాయంత్రం ఇంటి మెట్ల దగ్గర తోటికోడలు కాచుకుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మేనేజరు పిలిచాడు అక్కా. నీది ఎడంచెయ్యి కదూ అన్నాడు. అవును సార్ అన్నా. రేపు సాయంత్రం లెక్క తేల్చుకుని వెళ్ళు అన్నాడు. ఎందుకో నువ్వే చెబుతావన్నాడు. చెప్పు."

భూతద్దం తాళంచెవి కోసం సంచీలో వెతికింది.

"అన్నం పెట్టినదానివి, దొంగ అని మొహాన అడిగితే పడేదాన్ని. నా చెయ్యి చూపించి మేనేజరుకి చెబుతావా? సూది పట్టించింది నువ్వే కదా ఈ చేత్తో!"

"రేపు సర్దుతానే."

"ఏం సర్దుతావు? నేను దొంగని కాదని నువ్వు నమ్మితే కదా సర్దడానికి. నమ్ముతున్నావా? నా మొహం చూసి చెప్పు."

చూసింది. "నమ్ముతున్నా" అంది. ఆ మాట ఆమె నోటికి కొత్త. తోటికోడలు కూడా నమ్మలేదు. తలుపు ధడేలున వేసుకుంది.

శుక్రవారం ఆరు దుప్పట్లూ మళ్ళీ మోసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది. పక్కనే తోటికోడల్ని తీసేసే కాగితం, సంతకం ఒక్కటే బాకీ.

"ఎడంచెయ్యి కాదు సార్" అంది భూతద్దం. దుప్పట్లు ఒక్కొక్కటే తిరగేసి, పోగు కొనలు చూపించి, కిందివైపు నుంచి కుట్టిన సంగతి విడమరిచింది. "పొరపాటు నాది. తిరగేసి చూడలేదు."

"నువ్వు పొరపాటు పడటమా?" ఆయన కళ్ళజోడు తీశాడు. "సరే, కుడిచెయ్యే. ఎవరి కుడిచెయ్యి?"

ఇక్కడ ఆమె దగ్గర ఒక పేరుంది. చెబితే పని అయిపోతుంది. చెప్పమని ఆ మనిషే చెప్పాడు కూడా. ఆమె నోరు తెరిచింది.

"నాది సార్."

ఎందుకలా అన్నదో తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె సరిగ్గా చెప్పలేదు. బాబాయి మీద జాలి అనేది ఒకసారి. తోటికోడల్ని ఏడిపించినందుకు అనేది ఇంకోసారి. అందరికన్నా తన చేపే బాగుందని ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఉంటుందని నా అనుమానం.

మేనేజరు నమ్మలేదు. "ఎందుకు కుట్టావు?"

"ఊరికే సార్."

"ఊరికే ఎవరూ ఏమీ చెయ్యరు!"

ఆ మాట అవతలి నోటి నుంచి వింటే ఎంత చిరాగ్గా ఉంటుందో ఆమెకి మొదటిసారి తెలిసింది.

"అయితే ఇక్కడ కూర్చుని కుట్టి చూపించు" అన్నాడు. ఎవరినో కాపాడుతోందని ఆయన అనుమానం. అది నిజమే కాబట్టి ఆమె ఏమీ అనకుండా సూది తీసింది. చిరుగున్న దుప్పటిని కిందివైపు పైకి తిప్పి పరుచుకుంది. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ముప్పావు గంట పట్టింది. అయ్యాక ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, కళ్ళు మూసుకుని వేలు పెట్టాడు.

"కుందేలా?"

"పిల్లి సార్."

"చెవులు పొడుగయ్యాయి." మళ్ళీ తడిమాడు. "తోక... ఇదా తోక?" అంటూ కళ్ళు తెరిచి, తను ఏం చేస్తున్నాడో గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. తీసెయ్యాల్సిన మనిషిని తీసెయ్యలేదు. తోటికోడలి కాగితం కూడా చించాడు. కొత్త కాగితం మీద రాసింది ఇది: సోమవారం నుంచి భూతద్దం పెద్దక్క కుర్చీ దిగి బల్ల దగ్గర రఫూకి కూర్చోవాలి. ఆ కుర్చీలో ఆమె తోటికోడలు కూర్చోవాలి. "ఇకమీదట బొమ్మలు నా దాకా రాకూడదు" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

దుప్పట్ల సంగతి మూడు వారాలకి బయటపడింది. పై అంతస్తులో గోడలకి సున్నం వేసేవాళ్ళు బీరువాల మీద చుక్కలు పడకుండా ఆ దుప్పట్లు కప్పారు. పద్నాలుగూ అక్కడే ఉన్నాయి, సున్నంతో బిగుసుకుపోయి. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. పెద్దక్క కుర్చీ పెద్దక్కకి తిరిగి రాలేదు.

తోటికోడలు కుర్చీలో కూర్చున్న మొదటి నెల భూతద్దంతో పని మాట తప్ప మాట్లాడలేదు. అక్కా అనడం కూడా మానేసింది. కళ్ళు మూసుకుని, ఎడంచేతి నాలుగు వేళ్ళతో తడిమి, బాగుంటే కుడివైపు, బాగోకపోతే ఎడమవైపు విసిరేది. భూతద్దం కుట్టిన వాటిలో సగం ఎడమవైపే పడేవి. పగ తీర్చుకుంటోంది అనుకుంది భూతద్దం. తీసుకెళ్ళి విప్పి చూస్తే ఒక్కోదాంట్లో నిజంగానే ముడి ఉండేది. పంతొమ్మిదేళ్ళు ఇంకొకరి ముడులు వెతికిన చేతికి తన ముడులు తెలియలేదు. అయినా పూర్తిగా నమ్మలేదు. కావాలని వెతుకుతోందనే అనుకునేది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఒక చిరుగు చూడగానే పిల్లి పడుకున్నట్టు కనబడింది. చుట్టూ చూసింది. తలా ఒక పనిలో ఉన్నారు. పిల్లిని కుట్టి, ఏమీ ఎరగనట్టు కట్టలో పెట్టింది. ఓరకంట కుర్చీ వైపు చూస్తూ కూర్చుంది.

తోటికోడలు దుప్పటి ఒళ్ళో పరుచుకుంది. కళ్ళు మూసుకుంది. వేళ్ళు వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. మొహంలో ఏమీ తెలియలేదు. దుప్పటి ఎడమవైపు విసిరింది.

"అక్కా" అంది కళ్ళు తెరవకుండానే. "తోక గట్టిగా ఉంది. పడుకున్నవాళ్ళకి గుచ్చుకుంటుంది. విప్పు."

భూతద్దం మారు మాట్లాడకుండా తెచ్చుకుని, తోక విప్పి, దారం వదులుగా పోసి మళ్ళీ అల్లి ఇచ్చింది. తోటికోడలు మళ్ళీ తడిమింది.

"ఇప్పుడు?" అంది భూతద్దం.

"తోక సరే. మీసాలు తీసెయ్."

"మీసాలు లేకపోతే పిల్లి ఎలా అవుతుందే?"

"మాకు తెలుస్తుందిలే. తియ్యి."

ఇట్లు,
గుండీల పెద్దమ్మ. ఆ రఫూ గది బల్ల దగ్గర కూర్చుని కుట్టినదాన్నే. అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మనవరాలి దగ్గర, రైలు కట్ట పక్క వీధిలో, రెండో మేడ మీద వెనక గదిలో ఉంటున్నాను.